పరుగు లేని ఆట: బాలురకు క్రోకే పరిచయము



ఆట యనగానే మన చెవికి మొదట వినబడునది పరుగు చప్పుడు. చెడుగుడు గాని, బిళ్ళంగోడు గాని, నేటి క్రికెట్టు గాని, కాళ్ళలో సత్తువ లేనివానికి అందు చోటు తక్కువ. ఈ దినము నేను మీకు నివేదింపబోవునది పరుగు లేని ఆట. దాని పేరు క్రోకే. ఇంగ్లీషున వ్రాయునపుడు ఈ పదము చివర టకారముండును గాని దానిని పలుకరు. మన అరసున్న వలె అది కంటికి కనబడును, చెవికి వినబడదు. ఈ యాట ఇంగ్లండున పెరిగి, బాలుర కొరకును క్రొత్తగా నేర్చువారి కొరకును పలు విధముల సులభము చేయబడి, తుదకు జపాను దేశమున ఒక చిత్రమైన మార్పు నొందినది. ఆ కథయు, ఆ యాట నాడు విధమును, నేర్పు క్రమమును చెప్పుటయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి నొందినవాడను. సాయంకాలమున ఆటల గంట కొట్టగానే పిల్లలు జట్లు కట్టుకొనుట పలుమారులు చూచితిని. ఇద్దరు నాయకులు నిలుతురు. తక్కినవారిని ఒక్కొక్కరినిగా కోరుకొందురు. మొదట బలవంతులు పోవుదురు, పిదప నడితరమువారు, చివర కొక్కడు మిగులును. వాడు ఉబ్బసపు పిల్లవాడో, పసితనమున జ్వరము వచ్చి కాలు సన్నగిల్లినవాడో, ఊరకయే మందగమనుడో యగును. వానిని నాయకు లిద్దరును “నీవే తీసికొమ్ము” అని ఒకరి మీదికొకరు నెట్టుదురు. పిమ్మట వాడు పుస్తకముల సంచులకు కావలి కూర్చుండును. పాఠమున వెనుకబడినవానిని దగ్గరకు పిలిచి మరల చెప్పుదుము. ఆటలో వెనుకబడినవానికి మన మేమి చెప్పుదుము? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వెన్నాడినది. క్రోకేను గూర్చి చదువుటకు నన్ను పురికొల్పినది ఇదియే.

మొదట కొంచెము చరిత్ర. పూర్వము ఫ్రాన్సు దేశమున కొయ్యసుత్తితో బంతిని కొట్టి దూరముననున్న ఇనుప కమానులోనుండి పంపు ఆట యొకటి యుండెను. అది 17వ శతాబ్దమున లండను నగరమునకు వచ్చెను. ఆ యాట పేరు పాల్ మాల్. లండనులో ఒక వీథికి ఆ పేరు నేటికిని నిలిచియున్నది. ఇప్పటి క్రోకే దాని సంతతి యగునా కాదా యని చరిత్రకారులు తర్కించుచుందురు. ఆ తర్కమును వారికే విడిచెదము. ఇప్పటి క్రోకే 1850 ప్రాంతముల ఐర్లండు నుండి ఇంగ్లండునకు వచ్చెను. ఆటవస్తువులు చేసి యమ్ము జాన్ జేక్స్ అను లండను వర్తకుడు సుత్తులను, బంతులను, కమానులను ఒక పెట్టెలో నమర్చి అమ్మెను. 1864 లో నియమముల పుస్తకమును ప్రకటించెను. కొలది యేండ్లలోనే తోటగల ప్రతి యింటను ఈ యాట వెలసెను. 1865 లో లూయీ కారల్ రచించిన ఆలీసు కథలో రాణిగారి క్రోకే ఆట యొకటి కలదు. అందు సుత్తులు ఫ్లెమింగో కొంగలు. బంతులు ముళ్ళుగల చిన్న జంతువులు. వంగి నిలిచిన సిపాయిలే కమానులు. కొట్టబోవునంతలో కొంగ మెడ త్రిప్పును, బంతి లేచి నడచిపోవును, కమాను తన దారిని తాను పోవును. పిల్లలందరికి తెలిసిన ఆట యైననే గదా దానిమీద ఇట్టి హాస్యము పండును!

1868 లో ఇంగ్లండున ఒక క్రోకే సంఘ మేర్పడెను. వారు వింబుల్డను అను చోట పచ్చికనేలను సంపాదించిరి. కొన్నియేండ్లకు ఆ నేలమీదనే టెన్నిసు ప్రవేశించి, 1877 లో అక్కడ మొదటి టెన్నిసు పోటీ జరిగెను. టెన్నిసు మహావృక్షమైనది, క్రోకే దాని నీడను మిగిలినది. అయినను ఆ సంఘము పేరున టెన్నిసుతోబాటు క్రోకే యను మాట నేటికిని చెక్కుచెదరక యున్నది.

ఈ యాటయందు మరియొక విశేషము కలదు. ఇంగ్లండున స్త్రీపురుషు లొకే నేలమీద, ఒకే నియమములతో, సమానముగా ఆడిన తొలి ఆరుబయటి ఆటలలో నిది యొకటి. 1900 లో పారిసు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో క్రోకే యుండెను. ఆ క్రీడలలో మొదటిసారిగా పాల్గొన్న స్త్రీలలో క్రోకే ఆడినవారును కలరు. ఆ పోటీని చూచుటకు రుసుము చెల్లించి వచ్చినవాడు ఒక్కడే యట! చూచువారు లేకున్నను ఆడువారికి లోటులేని ఆట యిది. డొరతీ స్టీల్ అను ఆమె 1925 మొదలు 1936 లోపల ఇంగ్లండు బహిరంగ పోటీలో పురుషుల నందరను నాలుగుమారులు గెలిచెను. బలము కన్న గురి మిన్న యనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

ఇక ఆట స్వరూపము వినుడు. పచ్చికను సమముగా కత్తిరించిన చదునైన నేల. పొడవు 35 గజములు, వెడల్పు 28 గజములు. అందు 6 ఇనుప కమానులు పాతియుండును. నడుమ నొక గుంజ. కమాను ఎత్తు నేలకు పైన 12 అంగుళములు. బంతులు నాలుగు: నీలము, ఎరుపు, నలుపు, పసుపు. ఒక్కొక్క బంతి బరువు 1 పౌను, అనగా అర కిలోకు కొంచెము తక్కువ. నీలమును నలుపును ఒక పక్షము. ఎరుపును పసుపును రెండవ పక్షము. కొట్టుటకు పొడవైన కామ గల కొయ్యసుత్తి. బంతి అడ్డుకొలత మూడు అంగుళములపైన 8 పాళ్ళలో 5 పాళ్ళు. కమాను లోపలి వెడల్పు దానికన్న అంగుళములో ఎనిమిదవ పాలు మాత్రమే ఎక్కువ. పెద్ద పోటీలలో అంతకన్నను తక్కువ. సూది బెజ్జమున దార మెక్కించు నేర్పును పదునాలుగు బారల దూరమునుండి కాకున్నను, రెండుమూడు బారల దూరమునుండి చూపవలెనన్నమాట.

పెద్దల ఆటలో ప్రతి బంతియు ఆ 6 కమానులను రెండుమారులు దాటి, తుదకు గుంజను తాకవలెను. బంతికి 13 పాయింట్లు. రెండు బంతులకు 26. ముందుగా 26 పొందిన పక్షము గెలిచినట్లు. వంతు వచ్చినవానికి మొదట ఒక్క దెబ్బయే. తన బంతి కమాను దాటినచో మరియొక దెబ్బ లభించును. తన బంతి వేరొక బంతిని తాకినచో రెండు దెబ్బలు లభించును: తన బంతిని తెచ్చి, తాకిన బంతికి ఆనించి పెట్టి, రెండును కదలునట్లు కొట్టునది మొదటిది, ఈ దెబ్బకే క్రోకే యని పేరు, ఆటకును ఆ పేరే. పిదప తన బంతిని మరల కొట్టునది రెండవది. కమాను దాటిన ప్రతిమారును తక్కిన బంతులను తాకు హక్కు మరల కలుగును. ఇట్లు నేర్పరియైనవాడు బంతులను మెట్లుగా వాడుకొని ఒక్క వంతులోనే 12 కమానులను ముగింపగలడు.

ఇందలి చిక్కు ఈపాటికి మీకు తోచియుండును. ఒకడు అట్లాడుచున్నంతసేపును రెండవవాడు కుర్చీలో కూర్చుండి చూడవలసినదే. పెద్దలకది తపస్సు, పిల్లలకు శిక్ష. పైగా ఆనించిన బంతులను ఏ కోణమున, ఎంత బలముతో కొట్టిన ఎక్కడికి పోవునో నేర్చుటకు సంవత్సరములు పట్టును. కావున బాలురకు దీనిని సులభము చేయవలసివచ్చెను.

సులభము చేయుట యనగా ఏమి? మన పండితులకీ ప్రశ్న క్రొత్తది కాదు. పాణిని సూత్రములు సుమారు 4,000. భట్టోజి దీక్షితులు వానిని ప్రకరణములుగా కూర్చి సిద్ధాంతకౌముదిని రచించెను. ఆయన శిష్యుడు వరదరాజు అందు సుమారు మూడవవంతు సూత్రములను మాత్రమే గ్రహించి, బాలుర కొరకు లఘుకౌముదిని చేసెను. వరదరాజు విస్తారమును విడిచెను గాని క్రమమును విడువలేదు. లఘుకౌముదిని ముగించి పెద్ద కౌముదిని పట్టినవాడు, నేర్చినదానిలో ఏదియు మరవ నక్కరలేదు. మీద చేర్చుకొనుచు పోవుటయే. మంచి సులభీకరణమునకు ఇది గుర్తు. బాలుర పేరు చెప్పి, అసలు విద్యకు సంబంధింపని దేదో నేర్పినచో వానిని రెండుమారులు శ్రమపెట్టినట్లు. ఈ గీటురాతిమీద క్రోకే యొక్క సులభరూపములను పరీక్షింతము.

మొదటి రూపము, పొట్టి క్రోకే. నేలను సుమారు సగమునకు తగ్గించి, కమానులను ఒక్కమారే దాటించి, గుంజను తాకించి ముగింతురు. బంతికి 7 పాయింట్లు; పక్షమునకు 14. ఇది పెద్ద ఆటకు సంక్షేపము. బంతులను ఆనించు కష్టమైన దెబ్బ ఇందు నిలిచియే యున్నది గనుక, కొంత నేర్చినవారికిది తగును.

రెండవ రూపము, గోల్ఫు క్రోకే. మొదట సుత్తి పట్టిన బాలునకు ఇది అక్షరాభ్యాసము. ఇందు నియమము లొక అరగంటలో నేర్వవచ్చును. వంతునకు ఒక్కటే దెబ్బ. కమాను దాటినను, వేరొక బంతిని తాకినను అదనపు దెబ్బ లేదు. నీలము, ఎరుపు, నలుపు, పసుపు — ఈ వరుస తప్పక నాలుగు బంతులును తిరిగి తిరిగి కొట్టబడును. నాలుగు బంతులును ఒకే కమానుకై పోటీపడును. ఏ బంతి ముందుగా దాటినను ఆ పక్షమునకు 1 పాయింటు. వెంటనే అందరును రెండవ కమానుకు మరలుదురు. ఇట్లు 13 కమానుల ఆటలో ముందుగా 7 గెలిచినవారిది జయము. చిన్నపిల్లలకు 7 కమానుల ఆట చాలును. అందు 4 గెలిచిన చాలును. ఇంకను ఒక నియమము కలదు: తక్కినవారు ఈ కమానుకై పోరాడుచుండగా తన బంతిని రాబోవు కమాను దాపునకు ముందే పంపి కాపు పెట్టరాదు, సగము దారి దాటి ముందుకు పోయిన బంతిని ఎదుటిపక్షము వెనుకకు తెప్పింపవచ్చును.

ఈ చిన్న మార్పుచే ఎంత మేలు కలిగెనో చూడుడు. ఎవడును ఒక నిమిషము కన్న ఎక్కువ కాలము వంతుకై ఎదురుచూడ నక్కరలేదు. ఎంత నేర్పరియైనను ఒక్క దెబ్బ కొట్టి ప్రక్కకు తొలగవలసినదే. కమాను దాటలేని పిల్లవాడును ఊరక యుండ నక్కరలేదు: తన బంతిని కమాను ఎదుట అడ్డముగా నిలుపవచ్చును, ఎదుటివాని బంతిని తాకి దూరముగా త్రోయవచ్చును. అనగా గురి కుదరనివానికి ఆలోచన యొక్క ద్వారము తెరచియున్నది. ఒక కమాను ఓడిపోయినవాడు వెనుకబడిపోడు. రెండవ కమానుకు అందరును మరల సమానులే. బాలునకు ఆశ చావకుండుటకు ఇంతకన్న ఏమి కావలెను? గీటురాతి పరీక్షకును ఇది నిలుచును. సుత్తి పట్టుట, కమాను దాటుట, దూరమెరిగి బంతిని నిలుపుట, బంతిని బంతితో తాకుట — ఇందు నేర్చిన ప్రతిదియు పెద్ద ఆటలో పనికివచ్చును. ఇది పిల్లల ఆటగానే యుండిపోలేదు. ఐగుప్తు దేశమువారు దీనియందే మహా ప్రవీణులైరి. 1996 లో ఇటలీ దేశపు మిలాను నగరమున మొదలిడిన ప్రపంచ పోటీలలో పలుమారులు వారే గెలుచుచు వచ్చిరి.

నేర్పు క్రమమును కొంచెము వివరించెదను. ఉపాధ్యాయులైన శ్రోతలకు ఇది ఉపయోగించును. పిల్లవాని ఎత్తునకు తగినట్లు పొట్టి కామయు, తేలిక తలయు గల సుత్తి నీయవలెను. పెద్దవారి సుత్తి నిచ్చినచో పిల్లవాడు దానిని ఊపుటకు మారుగా అదియే పిల్లవాని నూపును. రెండు చేతులును కామపై భాగమున దగ్గర దగ్గరగా నుండవలెను. బంతి పోవలసిన దిక్కునకు ఎదురుగా నిలిచి, పాదముల నడుమ సుత్తి ముందువెనుకలకు ఊగునట్లు చూచుకొనవలెను. ఊపు భుజముల నుండి రావలెను గాని మణికట్టు నుండి కాదు. గడియారపు లోలకము వలె తన బరువుతో తానే ఊగవలెను. చూపు బంతిమీదనే యుండవలెను. పిల్లలు చేయు తప్పులలో ముక్కాలుపాలు ఒకటే: బంతి ఎక్కడికి పోవునో యను ఆతురతచే, తగులకమునుపే తల యెత్తుదురు, తల యెత్తగానే భుజము లేచును, భుజము లేవగానే గురి తప్పును. చేతివ్రాత నేర్పువారి కిది క్రొత్త గాదు. తరువాతి యక్షరముమీద కన్నువేసి ఈ యక్షరమును వంకర చేయువారిని మనమెరుగుదుము.

మొదటి దినమున కమాను వలదు. రెండు పుల్లలను ఒక గజము ఎడముగా గ్రుచ్చి, వాని నడుమనుండి బంతిని తిన్నగా పోనిచ్చుట నేర్పవలెను. పిదప ఎడము తగ్గించుచు రావలెను. కొట్టుటకు ముందు బంతికి నాలుగడుగులు వెనుక నిలిచి, గమ్యమును చూచి, ఆ గీతమీదనే నడచివచ్చి నిలుచుట అలవాటు చేయవలెను. అటు తరువాత కమాను: మొదట ఒక గజము దూరమున తిన్నగా, తరువాత రెండు గజములు, తరువాత కొంచెము ప్రక్కనుండి. మూడవ మెట్టు, బంతిని కమాను ఎదుట ఆగునట్లు పంపుట. బలముగా కొట్టుట అందరికిని వచ్చును. తగినంత కొట్టుటయే విద్య. నాలుగవది బంతిని బంతితో తాకుట. ఈ నాలుగును కొంత వచ్చిన తరువాత ఒకనికొక బంతి చొప్పున ఇద్దరిని ఆడింపవలెను. ఆ పిమ్మట ఇద్దరు చొప్పున రెండు పక్షములు. పిల్లలకు కమాను వెడల్పు కొంత హెచ్చించిన దోషము లేదు. చేయి తిరిగినకొలది దానిని ఇరుకు చేయవచ్చును.

ఈ యాటలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి కలదు. సాధారణముగా క్రోకేలో న్యాయనిర్ణేత వెంట నుండడు. ఆడువారే నిర్ణేతలు. సుత్తి బంతికి రెండుమారులు తగిలినను, బంతిని కొట్టక నెట్టినను, సుత్తి వేరొక బంతికి సోకినను అది తప్పు. ఆ తప్పు ఎదుటివానికి కనబడకపోవచ్చును; కొట్టినవాని చేతికి మాత్రము తెలియును. అట్టి యెడ కొట్టినవాడే నోరువిప్పి “నాది తప్పు” అని చెప్పవలెనని నియమము. సత్యము పలుకుమని మనము పాఠములో వేయిమారులు చెప్పుదుము. సత్యము పలికిన వెంటనే నష్టము కలుగు చోట బాలుని నిలిపి, ఆ నష్టమునకు వాడు ఓర్చుట చూచు నవకాశము మనకు అరుదు. ఇక్కడ పాయింటు పోవును, జట్టువారు మొగము చిట్లింతురు, అయినను చెప్పవలెను. పదిమారులు చెప్పినవానికి పదునొకండవమారు చెప్పుట కష్టము కాదు.

ఇక జపాను కథ. 1945 లో యుద్ధము ముగిసినపుడు ఆ దేశము బూడిదకుప్పయై యుండెను. రబ్బరు దొరకదు, రబ్బరు లేనిదే పిల్లల బంతులు లేవు. ఉత్తరమున హొక్కైడో ద్వీపమున సుజుకి కాజునొబు అనునతడు కలప పరిశ్రమలో నుండెను. రబ్బరు లేకున్నను తనచుట్టును కొయ్య కొదవలేదు. సుత్తియు కొయ్యయే, బంతియు కొయ్యయే యైన క్రోకే ఆతనికి స్ఫురించెను. 1947 లో అతడు క్రోకే నియమములను మార్చి బాలుర కొరకు ఒక క్రొత్త ఆట కల్పించెను. దానికి గేటుబాల్ అని పేరు. ఆకలితో నున్న దేశమున పిల్లల ఆటను గూర్చి ఆలోచించినవాడు ఒక్కడైనను ఉండుట ఆ దేశపు భాగ్యము.

గేటుబాలునకు పచ్చిక యక్కరలేదు. చదునైన మట్టినేల చాలును. పొడవు 20 మీటర్లు, వెడల్పు 15 మీటర్లున్న సరిపోవును. కమానులు మూడే, నడుమ గుంజ యొకటి. కమాను వెడల్పు 22 సెంటీమీటర్లు; బంతి అడ్డుకొలత 7½ సెంటీమీటర్లు. అనగా ద్వారము బంతికి దాదాపు మూడింతలు. ఇంగ్లండు కమాను పరీక్షాధికారి వంటిది. జపాను కమాను తాతవంటిది.

పక్షమునకు ఐదుగురు. బంతులు పది, 1 మొదలు 10 వరకు అంకెలు వేసియుండును. బేసి అంకెలవి ఎర్రనివి, ఒక పక్షము. సరి అంకెలవి తెల్లనివి, రెండవ పక్షము. ఎవరి బంతి వారిదే. అంకెల వరుసనే వంతులు వచ్చును. మొదటి కమానును మొదలిడు గీతవద్దనుండి ఒక్క దెబ్బతోనే దాటవలెను. దాటనిచో బంతిని చేతబట్టుకొని మరల వంతు వచ్చువరకు వేచియుండవలెను. కమాను దాటిన 1 పాయింటు. మూడును దాటి గుంజను తాకిన 2 పాయింట్లు. బంతికి 5, పక్షమునకు 25. కమాను దాటినవానికి మరియొక దెబ్బ. వేరొక బంతిని తాకినచో దానిని తెచ్చి తన బంతికి ఆనించి, తన బంతిని కాలితో అదిమిపట్టి కొట్టవలెను. ఆ ఘాతము లోపలినుండి ప్రాకి రెండవ బంతి మాత్రము ఎగిరిపోవును. స్వపక్షపు బంతియైన మేలైన చోటికి పంపుదురు. పరపక్షపుదైన హద్దు దాటింతురు. పిదప మరల ఒక దెబ్బ లభించును. హద్దు దాటిన బంతికి తరువాతి వంతు లోపలికి వచ్చుటతోనే సరిపోవును. కొట్టుటకు 10 సెకండ్లకు మించి కాలము లేదు. మొత్తము ఆట 30 నిమిషములలో ముగియును. కాలితో బంతిని అదుము పద్ధతి ఇంగ్లండున తొలినాళ్ళలో నుండి పిమ్మట అంతరించినది. జపానువారు దానికి మరల ప్రాణము పోసిరి.

గీటురాతిమీద గీసి చూతము. మూడు కమానులు పోయెను, పచ్చిక పోయెను, ఇరుకు పోయెను. కాని గురి, క్రమము, బంతిని బంతితో నడపు యుక్తి, జట్టుకై తన యవకాశమును వదలుకొను త్యాగము — ఇవి యన్నియు నిలిచెను. వీనికి తోడు, ప్రతి పిల్లవానికిని ఒక అంకె వచ్చెను. 7 అను పిలుపు వినబడగానే ఆ యేడవవాడే రావలెను; వానికి మారుగా బలవంతుడు రాజాలడు. సంచులకు కావలి యుండుటకు ఎవడును మిగులడు.

ఇట్లు బాలురకై పుట్టిన ఆటకు తరువాత ఏమైనదో వినుడు. 1950 దశకపు చివర దక్షిణమున కుమమోటో నగరమున ఒక వ్యాయామోపాధ్యాయుడు దీనిని మహిళా సంఘములకును వృద్ధుల సంఘములకును నేర్పెను. 1976 లో ఆ నగరమున జరిగిన జాతీయ వ్యాయామ సమావేశమున దీనిని ప్రదర్శించిరి. అది మొదలు దేశమంతటను ముసలివారు సుత్తులు పట్టిరి. ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా నున్న నియమములను ఏకము చేయుటకు 1984 లో జాతీయ సంఘమును, 1985 లో ప్రపంచ సంఘమును ఏర్పడెను. 1986 లో మొదటి ప్రపంచ పోటీ ఆ యాట పుట్టిన హొక్కైడోలోనే జరిగెను. చీనా, కొరియా, బ్రెజిలు దేశములకును ఇది ప్రాకెను. చిన్నయసూరి 1858 లో ప్రకటించిన వ్యాకరణమునకు బాలవ్యాకరణమని పేరు. దానితో తల బ్రద్దలు కొట్టుకొనువారందరును పండితులే. గేటుబాల్ కథయు నట్టిదే. ఇంటిలో మూలకు చేరిన వృద్ధులు తెల్లవారగనే టోపీ పెట్టుకొని మైదానమునకు పోవుట, వంగుట, నడచుట, లెక్కవేయుట, తోడివారితో వాదించుట — వీనివలన వారికి కలిగిన మేలు కొద్దిపాటిది కాదు.

కాని దీనికొక రెండవ ముఖము కలదు. పెద్దలు మైదానమును నింపినకొలది పిల్లలు తొలగిరి. గేటుబాల్ ముసలివారి ఆట యను మాట పుట్టెను. ఆ మాట పుట్టిన తరువాత ఏ పిల్లవాడు సుత్తి ముట్టును? తమకొరకు పుట్టిన ఆటకు తామే పరాయివారైరి. మరల బాలురను తెచ్చుటకు ఆ దేశమున బాలుర పోటీలను వేరుగా పెట్టవలసివచ్చెను. ఇందు పెద్దల దుర్బుద్ధి యేమియు లేదు. పెద్దలు వేళకు వత్తురు, శ్రద్ధగా నాడుదురు, నియమములు గట్టిగా పట్టుదురు. చిన్నవాడు తప్పు కొట్టినపుడు జట్టు ఓడునని విసుగుదురు. ఆ విసుగే చాలును. గ్రామపెద్దలైన శ్రోతలు ఈ యంశమును ఆటకు మాత్రమే పరిమితము చేయక ఆలోచింతురు గాక.

దీనికి మందు క్రోకేలోనే కలదు. ఇంగ్లండున బలాబలములు సమానముగా లేని ఇద్దరు ఆడునపుడు, నేర్పరి తక్కువవానికి కొన్ని అదనపు వంతుల నిచ్చును. వానికి బిస్కులని పేరు. ఎన్ని బిస్కులో అన్ని తెల్లని పుల్లలను నేల అంచున గ్రుచ్చియుంతురు. చిన్నవాడు తనకు వలసినపుడు ఒక పుల్లను పెరికి వేసి, మరియొక వంతు ఆడును. పుల్లలు అందరికిని కనబడుచుండును. ఇందు దాపరికము లేదు, జాలియు లేదు. పెద్దవాడు కావలెనని ఓడిపోవుట గాదిది; అట్లోడినచో పిల్లవాడు వెంటనే కనిపెట్టును, అవమానపడును. పుల్లల నిచ్చి, తన శక్తికొలది ఆడి, ఓడినచో ఓడుట, గెలిచినచో గెలుచుట మర్యాద. ఏటికేడు పిల్లవాని నేర్పు హెచ్చినకొలది పుల్లలు తగ్గుచు వచ్చును. తుదకొక దినమున ఒక్క పుల్లయు నక్కరలేక యుండును. అట్లు పుల్లలు లేకుండ తాతను గెలిచిన మనుమనికి ఆ గెలుపు తనదే యని సంశయములేక తెలియును. తాతకు మాత్రము ఆ గెలుపులో సగము తనదని తెలియును.

నియమములు సుత్తిదారులకే గాని వయస్సుకు లేవు. ఎనిమిదేండ్లవాడును ఎనుబదియేండ్లవాడును ఒకే నేలమీద, ఒకరి వంతుకొకరు కాచుకొని, ఒకరి మాట నొకరు నమ్మి ఆడుకొనదగిన ఆటలు లోకమున కొలదిగానే యున్నవి. క్రోకే అట్టివానిలో నొకటి. దానిని బాలురకు తగినట్లు తగ్గించి యిచ్చినవారు లఘుకౌముదీకారుని వలె పుణ్యాత్ములని నా తలంపు. ఆ తగ్గించిన దానిని బాలుర చేతినుండి జారనీయక కాపాడుట పెద్దల వంతు.